పరువు కాదు... పిల్లాడు ముఖ్యం!

ఆదివారం వస్తే చాలు... గుడివాడ, ఉయ్యూరు, అవనిగడ్డ వైపు నుంచి విజయవాడ వచ్చే బస్సుల్లో చేతిసంచులతో అమ్మానాన్నలు కనిపిస్తారు. సంచిలో ఆవకాయ సీసా, సున్నుండల డబ్బా, ఉతికిన బట్టలు. హాస్టల్లో ఉన్న పిల్లల్ని చూసి రావడానికి ఆ ప్రయాణం. అరగంట మాట్లాడితే ఇరవై నిమిషాలు మార్కుల గురించే. మిగిలిన పది నిమిషాలు మెస్సులో భోజనం గురించి. కొన్నేళ్లుగా ఆ తల్లిదండ్రుల మనసులో మూడో ప్రశ్న కూడా తిరుగుతోంది. ‘మావాడు ఏదైనా అలవాటు చేసుకున్నాడా?’

ఆ ప్రశ్న మాత్రం నోటిదాకా రాదు. అడిగితే పిల్లాడు ఏమనుకుంటాడో అని భయం. నిజమని తేలితే ఏం చేయాలో తెలియని భయం అంతకంటే పెద్దది.

భయం ఊరికే రాలేదు

విశాఖ మన్యంలో, ఒడిశా సరిహద్దుల్లో పండిన గంజాయి ఏళ్ల తరబడి దేశంలోని ఎన్నో నగరాలకు చేరింది. 2021 చివర్లో రాష్ట్ర పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో వేల ఎకరాల్లో గంజాయి తోటల్ని నరికేశారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని కుప్పపోసి తగలబెట్టారు. అంటే 200 టన్నులు!

విజయవాడ నాలుగు దారుల కూడలి. చెన్నై-కోల్‌కతా రహదారి, హైదరాబాద్-మచిలీపట్నం రహదారి ఇక్కడే కలుస్తాయి. రైలు ఎక్కితే ఏ దిక్కుకైనా వెళ్లొచ్చు. ఈ సౌకర్యమే చదువుల్నీ, వ్యాపారాన్నీ తెచ్చింది. అదే దారిలో చెడ్డ సరుకూ వస్తుంది. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో దాదాపు 3 వేల కిలోల హెరాయిన్ పట్టుబడినప్పుడు, దాన్ని దిగుమతి చేసుకున్న సంస్థ చిరునామా విజయవాడదని బయటపడింది. చిరునామా తప్ప ఆ సరుకుతో నగరానికి సంబంధం లేదని పోలీసులు చెప్పారు. అయినా ఎన్నో ఇళ్లలో ఆ రోజు టీవీ ముందు కూర్చున్న తల్లుల గుండె ఒక్కసారి గుభేల్‌మంది.

2024 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం మత్తుపదార్థాల కట్టడికి ‘ఈగల్’ అనే ప్రత్యేక పోలీసు విభాగాన్ని ఏర్పాటు చేసింది. ఎవరైనా అమ్ముతున్నట్టు తెలిస్తే 1972 నంబరుకు ఫోన్ చేసి చెప్పొచ్చు.

సీసాను మరిచిపోతున్నామా?

గంజాయి అనగానే ఉలిక్కిపడే మనం, మందు సంగతి వచ్చేసరికి ‘ఈ వయసులో మామూలేలే’ అనేస్తాం. 2019లో వెలువడిన కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం దేశంలో మద్యం తాగేవాళ్లు సుమారు 16 కోట్లు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు చేసిన ఈ సర్వేలో భంగు, గంజాయి వాడేవాళ్లు 3 కోట్ల పైచిలుకు. అంటే ఒకరికి అయిదుగురు! మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. ఆ లెక్కన ఇంజినీరింగ్ మూడో ఏడాది వరకూ చాలామందికి ఆ గ్లాసు చట్టవిరుద్ధమే. కానీ పుట్టినరోజుకో పార్టీ, సెమిస్టర్ అయిపోతే పార్టీ, ఉద్యోగం వస్తే పార్టీ.

వాళ్లు ఎక్కడ నేర్చుకున్నారు? పెళ్లి విడిదిలో బాబాయి చేతిలో, సంక్రాంతి కోడిపందేల బరి పక్కన మామయ్య చేతిలో ఆ గ్లాసును పదేళ్ల వయసు నుంచే చూస్తున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ పోరాటం 1995లో రాష్ట్రమంతటా మద్యనిషేధం దాకా వెళ్లింది. 1997లో నిషేధం తొలగిపోయింది. దుకాణం ముందు బైఠాయించగలిగిన ఆడవాళ్లున్న రాష్ట్రంలో, హాస్టల్ గదిలో కొడుకుని ఒక్క మాట అడగడానికి తల్లి తటపటాయిస్తోంది.

మెదడు ఇంకా ఎదుగుతోంది

మనిషి మెదడు పూర్తిగా ఎదగడానికి పాతికేళ్ల వరకూ పడుతుంది. ముందూవెనకా ఆలోచించే భాగం ఆఖర్న తయారవుతుంది. అందుకే ఈ వయసులో మత్తు త్వరగా పట్టుకుంటుంది, ఆలస్యంగా వదులుతుంది. గంజాయి జ్ఞాపకశక్తినీ, ఏకాగ్రతనూ దెబ్బతీస్తుంది. కొందరిలో, ముఖ్యంగా కుటుంబంలో మానసిక వ్యాధులున్నవాళ్లలో, లేనిపోని అనుమానాలకూ భ్రమలకూ దారితీయొచ్చు.

నిద్రవేళలు తారుమారవడం, ఫీజు కాకుండా తరచూ డబ్బు అడగడం, పాత స్నేహితులు మాయమవడం, ఫోన్ ఎత్తకపోవడం, ఇంటికి రావడానికి సాకులు చెప్పడం... ఇవన్నీ గమనించాల్సినవే. అయితే ఒక్కటి కనిపించగానే దొంగని పట్టినట్టు చూడొద్దు. పరీక్షల ఒత్తిడిలో ఉన్నవాడూ, దిగులుతో కుంగిపోయినవాడూ ఇలాగే ఉంటాడు. అమ్మాయిల విషయంలోనూ అంతే.

దాచిపెడితే ముదురుతుంది

విషయం తెలిశాక చాలా ఇళ్లలో జరిగేది రెండే. ఒకటి, నాలుగు తగిలించి చదువు మాన్పించడం. రెండు, గుట్టుగా ఉంచడం. ‘బయటికి తెలిస్తే చెల్లి పెళ్లి ఎలా?’, ‘విదేశాలకు పంపేస్తే వాడే మారతాడు’, ‘పెళ్లి చేస్తే దారిలో పడతాడు’ అని సర్దిచెప్పుకోవడం. ఈలోగా ఏళ్లు గడుస్తాయి. మొదట్లో నాలుగు మాటలతో, ఒక వైద్యుడి సలహాతో తేలిపోయేది ఆసుపత్రి మంచం దాకా వస్తుంది. పెళ్లి మందు కాదు. ఇంకో ఆడపిల్ల జీవితం అందులో ఇరుక్కుంటుంది.

పోలీసు కేసు అవుతుందన్న భయమూ ఉంటుంది. మత్తుపదార్థాల నిరోధానికి 1985లో వచ్చిన చట్టం ప్రకారం గంజాయి తాగడం నేరమే. ఆర్నెల్ల వరకూ జైలు, లేదా 10 వేల రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కానీ అదే చట్టంలోని 64ఎ సెక్షన్ ఒక తలుపు తెరిచి ఉంచింది. అలవాటుపడినవాడు వాడిన నేరానికో, కొద్ది మోతాదు దగ్గరుంచుకున్న నేరానికో చిక్కినా, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపున్న చోట చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు.

సరుకు మోస్తే మాత్రం లెక్క వేరు. 20 కిలోలు దాటిన గంజాయితో దొరికితే కనీస శిక్షే పదేళ్లు. ‘స్నేహితుడి బ్యాగే కదా’ అని పట్టుకోవద్దని పిల్లలకు ముందే చెప్పాలి.

అడగండి... ఇలా

* మత్తులో ఉన్నప్పుడు గొడవపడొద్దు. మర్నాడు, నలుగురిలో కాకుండా ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడండి.

* ‘తాగుతున్నావా?’ అని నిలదీసే బదులు ‘ఈమధ్య నువ్వు బాగోలేవు, ఏమైంది నాన్నా?’ అనండి. సగం జవాబు ఆ గొంతులోనే వస్తుంది.

* ప్రభుత్వాసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. 14446 నంబరులో మత్తు విముక్తి సలహాలు, 14416లో మానసిక ఆరోగ్య సలహాలు ఉచితంగా దొరుకుతాయి.

* రోజూ బాగా తాగేవాళ్లతో ఒక్కసారిగా మాన్పిస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకు రావచ్చు. వైద్యుడి పర్యవేక్షణ తప్పనిసరి.

* కొట్టి మాన్పిస్తామనే కేంద్రాల జోలికి వెళ్లొద్దు. చేర్చేముందు రిజిస్ట్రేషన్ ఉందో లేదో, మానసిక వైద్యుడు ఉన్నాడో లేదో చూడండి.

* మానేశాక మళ్లీ ఒకసారి జారితే అంతా అయిపోయినట్టు కాదు. షుగరు, బీపీల్లాగే ఇదీ మళ్లీ పెరగొచ్చు, మళ్లీ అదుపులోకి రావచ్చు.

నాలుగు మార్కులు తగ్గితే కాలేజీకి పరుగెత్తుకెళ్లి కారణం అడుగుతాం. పిల్లాడి కంట్లో వెలుగు తగ్గినప్పుడూ అంతే తొందరగా అడగాలి. పరువు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు.