భారలోహాల తొలగింపులో నిర్మిత చిత్తడి మడులు: మొక్కల పాత్ర, పరిమితులు

హైదరాబాదుకు దిగువన మూసీ నీటితో వరి, పారాగడ్డి సాగు దశాబ్దాలుగా కొనసాగుతోంది. ఆ గడ్డి నగర పరిసరాల్లోని పాడిపశువులకు మేతగా చేరుతుంది. మురుగునీటిలోని నత్రజని, భాస్వరం పైరుకు ఉపకరిస్తాయి. అయితే పరిశ్రమల వ్యర్థజలం కలిసిన చోట కాడ్మియం, సీసం, క్రోమియం, నికెల్ వంటి భారలోహాలు కూడా వాటితోపాటే పొలానికి చేరే అవకాశం ఉంది. సేంద్రియ కాలుష్యాన్ని సూక్ష్మజీవులు విచ్ఛిన్నం చేయగలవు. లోహం విచ్ఛిన్నం కాదు. దాని రూపం, స్థానం మాత్రమే మారుతాయి.

సాగునీటిలో కాడ్మియం లీటరుకు 0.01 మిల్లీగ్రాముకు మించరాదని ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ సూచించింది. ఇందుకు రెట్టింపు, అనగా 0.02 మిల్లీగ్రాములున్న నీటిని హెక్టారుకు ఏడాదికి 10,000 ఘనపు మీటర్ల చొప్పున పారిస్తే 200 గ్రాముల కాడ్మియం చేరుతుంది. అదంతా పై 15 సెంటీమీటర్ల మట్టిలోనే, అంటే సుమారు 20 లక్షల కిలోలలో, నిలిచిందనుకుంటే కిలో మట్టికి ఏటా 0.1 మిల్లీగ్రాము పెరుగుతుంది. పదేళ్లకు ఇది ఉపేక్షించదగిన పరిమాణం కాదు.

నీటిని పొలానికి ముందే శుద్ధి చేసే సులభ మార్గాల్లో నిర్మిత చిత్తడి మడి ఒకటి. నీటిమొక్కలతో మురుగును శుద్ధి చేసే ప్రయోగాలను జర్మనీలో కేటె జైడెల్ 1950ల్లో ప్రారంభించారు. ఉపరితలం కింద నీరు ప్రవహించే మడిలో నీరు ఇంకని అడుగుపై సుమారు 60 సెంటీమీటర్ల మందాన కంకర పరచి జమ్ము, ఫ్రాగ్మైటిస్, మెట్టతామర, వట్టివేరు వంటి మొక్కలు నాటుతారు. నీరు పైకి కనబడదు కనుక దోమల బెడద తక్కువ.

మొక్కలే లోహాన్నంతా పీల్చుకుంటాయన్నది విస్తృతంగా ఉన్న అపోహ. వాస్తవానికి లోహంలో అధిక భాగం కంకర మధ్య పేరుకొనే మడ్డిలోనే నిలుస్తుంది. తేలియాడే రేణువులకు అంటుకున్న లోహం వాటితోపాటు అడుగుకు చేరుతుంది. ప్రాణవాయువు లేని పొరల్లో సల్ఫేటును క్షయకరించే బాక్టీరియా సల్ఫైడును విడుదల చేయగా, సీసం, కాడ్మియం, జింకు కరగని సల్ఫైడులుగా అవక్షేపమవుతాయి. విషపూరితమైన ఆరు సంయోజకత గల క్రోమియం అక్కడే మూడు సంయోజకత రూపానికి మారి హైడ్రాక్సైడుగా పేరుకుంటుంది. జమ్ము వంటి మొక్కల వేర్లు గాలిగొట్టాల ద్వారా ప్రాణవాయువును కిందికి చేరవేస్తాయి. వేరు చుట్టూ ఏర్పడే ఎర్రటి ఇనుపపొర లోహాలను అధిశోషిస్తుంది. రాలిన ఆకులు బాక్టీరియాకు కర్బనం సమకూరుస్తాయి. మొక్క చేసే అసలు మేలు ఇదే. పీల్చుకున్న కొద్ది లోహంలోనూ ఎక్కువ భాగం వేర్లలోనే ఆగుతుంది. అందుచేత పైభాగాన్ని కోసినంత మాత్రాన మడి శుభ్రపడినట్లు కాదు.

ఇక్కడే అసలు ప్రమాదమున్నది. వేసవిలో మడిని ఎండబెడితే సల్ఫైడులు ఆక్సీకరణ చెంది, పట్టుబడిన కాడ్మియం, జింకు తిరిగి కరుగుతాయి. మొదటి వానకు అవి ఒక్కసారిగా బయటపడవచ్చు. కనుక నీరు తక్కువైనా కంకర తడి ఆరరాదు. శుద్ధి మడిలో పెరిగిన పచ్చికను మేతగా వాడటం, కంపోస్టుగా మార్చి పొలానికి వేయటం తగదు. అలా చేస్తే నీటినుండి తీసిన లోహాన్ని తిరిగి ఆహారశృంఖలంలోకి పంపినట్లే. ఆ కారణంగానే పారాగడ్డిని ఇటువంటి మడులకు సిఫారసు చేయకపోవడం మేలు. మేతకు పనికొచ్చే గడ్డిని రైతు కోయక మానడు.

రోజుకు 20 ఘనపు మీటర్ల నీటిని 3 రోజులు నిలపాలంటే 60 ఘనపు మీటర్ల ఖాళీ అవసరం. కంకరలో ఖాళీ 40 శాతమైతే మడి పరిమాణం 150 ఘనపు మీటర్లు, 60 సెంటీమీటర్ల లోతున వైశాల్యం 250 చదరపు మీటర్లు, అనగా సుమారు రెండున్నర గుంటలు. దీనికి ముందు మడ్డి దిగే తొట్టి తప్పనిసరి. లేనిచో కంకర త్వరగా పూడుకుపోతుంది. గాఢమైన పారిశ్రామిక వ్యర్థాలను పరిశ్రమ ఆవరణలోనే శుద్ధి చేయాలి, ఈ మడి అందుకు ప్రత్యామ్నాయం కాదు. లోపలికి వచ్చే నీటితోపాటు బయటకు పోయే నీటి నమూనాలను కూడా వేసవిలోను, తొలకరిలోను వేర్వేరుగా పరీక్షించాలి. ఏళ్ల తరువాత తవ్వితీసే కంకరను, మడ్డిని పరీక్షించి, లోహాలు అధికమైతే ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం తరలించాలి. ఆ వ్యయాన్ని నిర్మాణ అంచనాలోనే చేర్చడం అవసరం.