బిగుసుకుపోయిన కొళాయి

మా బంటుమిల్లి వైపు చాలా ఇళ్ళలో ఒక విచిత్రం కనబడుతుంది. వంటింటి కొళాయి ఇంకా మెరుస్తూండగానే, స్నానాల గది కొళాయి గార కట్టి, చిలుము పట్టి, రాయిలా బిగుసుకుంటుంది. వంటకు కాలువ నీరు, స్నానానికి బోరు నీరు వాడటమే కారణం. సముద్రం దగ్గర కావడంతో మన బోర్లలో ఉప్పు ఎక్కువ. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. ఉప్పు నీరు అందులోని జింకును మెల్లగా లాగేస్తుంది. మిగిలేది గుల్లబారిన రాగి. గీకి చూస్తే పసుపు రంగుకు బదులు ఎరుపు కనిపిస్తే ఆ కొళాయి బలం పోయినట్టే.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మా అమ్మకు కీళ్ళవాతం. కొళాయి తిప్పలేక రోజూ ఎవరినో ఒకరిని పిలిచేది. ఒక శనివారం రాత్రి విసుగొచ్చి పైపు రెంచి పెట్టి బలంగా తిప్పాను. పిడి కదలలేదు, కొళాయి మెడ గోడలోనే విరిగింది! నీళ్ళు ఎగజిమ్మాయి. మేడ మీద ట్యాంకుకు గేటు వాల్వు లేదు. చీకట్లో పైకెక్కి, గుడ్డ చుట్టిన కొయ్య బిరడాతో ట్యాంకు కన్నం మూసేసరికి సగం నీరు పోయింది. అమ్మ ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ బాధ కలిగించింది.

కనుక మొదట వాల్వు కట్టండి. వాల్వు లేకపోతే ట్యాంకు ఖాళీ అయిన రోజు చూసి పని మొదలుపెట్టండి. పిడి నడినెత్తిన చిన్న మూత ఉంటుంది. దాన్ని బ్లేడుతో లేపితే కింద స్క్రూ కనబడుతుంది. స్క్రూ గాడిలోని గార శుభ్రం చేసి, నాలుగు చుక్కలు కిరసనాయిలు వేసి, రాత్రంతా వదిలేయండి. తెల్లవారి సరిగ్గా సరిపోయే స్క్రూ డ్రైవరుతోనే తిప్పండి. చిన్నది పెడితే గాడి అరిగిపోతుంది, తరువాత చేయగలిగింది తక్కువ.

స్క్రూ వచ్చాక పిడిని తిప్పకండి, పైకి లాగండి. లోపల పళ్ళ సందుల్లో ఉప్పు గట్టిపడి పట్టుకొని ఉంటుంది. వేడినీళ్ళలో ముంచిన గుడ్డ చుట్టి, కొయ్య సుత్తితో చుట్టూ మెల్లగా తట్టి, కింద నుంచి రెండు వైపులా సమానంగా లేపండి. అప్పటికీ రాకపోతే పిడి కిందున్న ఆరు పలకల నట్టును పానాతో విప్పండి. పిడితో సహా పైభాగమంతా ఊడి వస్తుంది. అలా విప్పేటప్పుడు రెండో చేత్తో కొళాయి ఒంటిని మరో రెంచితో గట్టిగా పట్టుకోవాలి. నేను చేయనిది ఇదే.

కొందరు బాత్‌రూమ్ యాసిడ్ పోస్తారు. అది పైపూతనూ ఇత్తడినీ తినేస్తుంది. బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే విషవాయువు పుడుతుంది. అంతకంటే చింతపండు గుజ్జే నయం.

కొత్తది బిగించేటప్పుడు పళ్ళకు కాస్త గ్రీజు రాయండి. ఉప్పు బోరుకు గట్టి ప్లాస్టిక్ కొళాయి మేలని నా అభిప్రాయం. అందంగా ఉండదు గాని చిలుము పట్టదు. మా అమ్మకు పొడుగు పిడి ఉన్నది పెట్టించాం, మణికట్టుతో తోస్తే చాలు. పాత ఇత్తడి ముక్కలు పారేయకండి, సామానుల వాళ్ళు తూకానికి కొంటారు.