ఫ్రేము మార్చే ముందు...

ఖమ్మం దాటి ఇల్లందు వైపు గానీ, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వైపు గానీ ప్రయాణించేవారికి నేల మారడం స్పష్టంగా కనిపిస్తుంది. పత్తి, మిర్చి పండే నల్లరేగడి క్రమంగా వెనుకబడుతుంది. ఎర్రమట్టి, మొరం, గులకరాళ్లు, టేకు చెట్ల మధ్య సాగే బండిబాటలు మొదలవుతాయి. ఈ బాటలపై పాలక్యాన్లను, కట్టెల మోపులను, తునికాకు కట్టలను ఏళ్ల తరబడి మోసినవి బరువైన నల్ల సైకిళ్లే. ఇప్పుడు ఆదివారం తెల్లవారుజామున అవే బాటలపై మరో రకం సైకిళ్లు కూడా కనిపిస్తున్నాయి. ముందు చక్రానికే కాక వెనుక చక్రానికి కూడా షాక్ అబ్జార్బరు ఉన్న పర్వత సైకిళ్లవి. ఉద్యోగాల్లో కుదురుకున్న యువకులు కొందరు వాటిని సెకండ్ హ్యాండులో కొంటున్నారు.

అలా కొన్న ఏడాదికో రెండేళ్లకో ఒక ప్రశ్న తలెత్తుతుంది. సైకిలును అలాగే ఉంచుకుని ఫ్రేము మాత్రం అంతకన్నా మంచిది వేయించుకుంటే ఎలా ఉంటుంది? ఇది కుర్రవాళ్ల సరదా కదా, కుటుంబ పత్రికలో దీని ప్రస్తావన ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. ఆ ఖర్చు ఇంటి ఆదాయం నుండే వెళుతుంది. ఫ్రేము విరిగి పడితే ఆ బాధ కూడా ఇంటివారే పడాలి. కాబట్టి ఈ నిర్ణయం ఎలా తీసుకోవాలో ఇంట్లో పెద్దలు కూడా తెలుసుకోవడం మంచిది.

గ్రీజు పేరు పెట్టుకున్న పందెం

పర్వత సైకిలు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, మరిన్ కౌంటీ కొండల్లో పుట్టింది. అక్కడి యువకులు పాతకాలపు లావు టైర్ల సైకిళ్లను కొండపైకి తీసుకెళ్లి, మట్టిబాటలో వేగంగా దిగేవారు. 1976 అక్టోబరు 21న వారు తొలి పందెం నిర్వహించారు. దాని పేరు 'రీప్యాక్'. పెడల్‌ను వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఆ సైకిళ్ల వెనుక హబ్బులో ఉండేది. సుమారు 1300 అడుగుల దిగుడు దిగేసరికి ఆ హబ్బు వేడెక్కి లోపలి గ్రీజు పొగలై పోయేది. ప్రతిసారీ హబ్బు విప్పి కొత్త గ్రీజు నింపవలసి వచ్చేది. ఆ పనే పందేనికి పేరైంది.

వారు ఫ్రేము మార్చుకున్నది ఆ తర్వాతే. పాత ఫ్రేములు ఆ దిగుడుకు వంగిపోవడం, విరిగిపోవడం చూశాక, వారిలో ఒకడైన జో బ్రీజ్ 1977లో గట్టి మిశ్రమ ఉక్కు గొట్టాలతో కొండదారుల కోసమే ప్రత్యేకంగా ఫ్రేము తయారుచేశాడు. ఈ వరుస మనం గుర్తుంచుకోదగినది. గ్రీజుతో తీరే సమస్యను వారు గ్రీజుతోనే తీర్చుకున్నారు. ఫ్రేము నిజంగా ఓడిపోయినప్పుడే ఫ్రేము మార్చారు.

ఒకే రోజు రెండు తీర్పులు

మా వద్ద చదువుకుని, ప్రస్తుతం పాల్వంచలో ఉద్యోగం చేస్తున్న ఒక యువకుడు ఈ మధ్య సలహా కోసం వచ్చాడు. "హజ్రత్, దిగుడులో నా సైకిలు కటకటమంటోంది. ఫ్రేము పోయినట్టుంది. కొత్తది 35 వేలకు దొరుకుతోంది. చీటీ ఎత్తుదామనుకుంటున్నాను" అన్నాడు. వర్షాలు మొదలయ్యేలోపు ఇంటి పైకప్పు రేకులు మార్చడానికని అతని తల్లి కట్టిస్తున్న చీటీ అది. మేము ఆ చీటీ గురించి ఏమీ అనలేదు. "బేటా, ముందు శబ్దం ఎక్కడి నుండి వస్తోందో తెలుసుకుందాం" అని మాత్రం అన్నాము.

ఖమ్మంలో మాకు తెలిసిన పెద్దవయసు మెకానిక్కు వద్దకు వెళ్లాము. అతని స్నేహితుడు కూడా తన సైకిలుతో తోడు వచ్చాడు. ఆ సైకిలుపై ఏ ఫిర్యాదూ లేదు. కొత్త పెయింటుతో మెరుస్తోంది.

మెకానిక్కు మొదట సైకిలును నేలపై నిలిపి, సీటు పట్టుకుని మెల్లగా పైకి లేపాడు. చక్రం నేల విడవకముందే చేతికి 'టక్' మని తగిలింది. షాకరు బోల్టు ఒకటి విప్పి, వెనుక భాగాన్ని చేత్తో పైకీ కిందికీ, పక్కకూ ఆడించాడు. మెత్తగా కదలవలసినది గరగరమంటూ పక్కకు ఊగింది. కీలు దగ్గరి బేరింగులు బురద చేరి అరిగిపోయాయి. ఫ్రేము గొట్టాలు, అతుకులు మాత్రం చెక్కుచెదరలేదు. బేరింగులు, షాకరు బుష్షులు మార్చడానికి అయినది ఫ్రేము ధరలో పదో వంతు కూడా కాదు. చీటీ డబ్బు రేకులకే మిగిలింది.

తర్వాత స్నేహితుడి సైకిలును కూడా తుడిచి, టార్చి వేసి చూశాడు. ఒక పత్తి పింజను అతుకుల వెంట మెల్లగా రాశాడు. హ్యాండిలు కింద, ముందు గొట్టం అతుకు వద్ద ఒక పోగు పట్టుకుంది. అక్కడ పెయింటు గీకి చూస్తే వెంట్రుకంత చీలిక బయటపడింది. "దీని మీద ఇంటికి కూడా తొక్కుకుంటూ వెళ్లొద్దు" అన్నాడు. ఫ్రేము మార్చాలనుకున్నవాడికి అవసరం లేదని తేలింది. మార్చాలన్న ఆలోచనే లేనివాడికి తప్పదని తేలింది.

అల్యూమినియం ఫ్రేము విషయంలో ఇది మరీ ముఖ్యం. ఉక్కు ఒక పరిమితిలోపు ఒత్తిడిని ఎంతకాలమైనా ఓర్చుకోగలదు. అల్యూమినియానికి అటువంటి స్థిరమైన పరిమితి లేదు. ప్రతి కుదుపూ లోలోపల కొంత అలసటను పోగుచేస్తుంది. పైగా ఈ ఫ్రేములకు తయారీలో వేడిచేసి బలం చేకూరుస్తారు. చీలికను రోడ్డు పక్క వెల్డింగు షాపులో అతికిస్తే, ఆ వేడికి అతుకు చుట్టూ ఉన్న లోహం బలం కోల్పోతుంది. చీలిక మాత్రం కనబడకుండా పోతుంది. అందువల్ల అది మరింత ప్రమాదకరం.

ఒక్క ఫ్రేముతో పని ముగియదు

ఫ్రేము ధర ఒక్కటే చూసి నిర్ణయించుకోవడం చాలామంది చేసే పని. కానీ ఫ్రేము అంటే కొన్ని కొలతల కూర్పు. మిగతా ప్రతి భాగమూ ఆ కొలతలకు లోబడే ఉండాలి.

పాత సైకిళ్ల వెనుక హబ్బు వెడల్పు ఎక్కువగా 135 మిల్లీమీటర్లు. తర్వాతి ఫ్రేములకు 142, ఇప్పటి వాటిలో చాలావాటికి 148 మిల్లీమీటర్ల హబ్బు, లావుపాటి యాక్సిలు కావాలి. అంటే వెనుక చక్రం మారుతుంది. పాత చక్రం 26 అంగుళాలది. కొత్త ఫ్రేము 29 అంగుళాలకు చేసినదైతే, పాత చక్రం తగిలించినా పెడల్ నేలకు దగ్గరై రాళ్లకు తగులుతుంది. అంటే ముందు చక్రం కూడా మారాలి. కొత్త ఫ్రేముల ముందు గొట్టం కింది వైపు వెడల్పుగా ఉంటుంది. పాత ఫోర్కును రింగు వేసి అందులో అమర్చవచ్చు. పెద్ద చక్రం మాత్రం పాత ఫోర్కులో పట్టదు. సీటు రాడ్డు 27.2, 30.9, 31.6 మిల్లీమీటర్లలో ఏ కొలతదో చూడాలి. పెడల్ ఇరుసు ఉండే గొట్టం మరచుట్లదా, నొక్కి బిగించేదా అన్నది కూడా చూడాలి. పాత షాకరు కొత్త ఫ్రేముకు సరిపోవడం అరుదు. వెనుక చక్రం 120 మిల్లీమీటర్లు కదలడానికి 50 మిల్లీమీటర్లు కదిలే షాకరుతో చేసిన ఫ్రేములో అంతకన్నా పొడవైనది బిగిస్తే సైకిలు మెరుగుపడదు. టైరు ఫ్రేముకు రాసుకునే ప్రమాదం ఉంటుంది.

మా యువకుడి చేత ఇవన్నీ ఒక కాగితంపై రాయించాము. 35 వేలతో మొదలైన లెక్క 80 వేలు దాటింది. కాగితం కింద కూడిక చూసుకుని అతడే మౌనంగా దానిని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఖర్చు లేని పరీక్ష

ఫ్రేము బాగాలేదని అనిపించే చాలా సందర్భాల్లో అసలు లోపం సర్దుబాటులో ఉంటుంది. సైకిలుపై కదలకుండా కూర్చున్నప్పుడు వెనుక షాకరు తన మొత్తం కదలికలో 25 నుండి 30 శాతం వరకు అణగాలి. 50 మిల్లీమీటర్ల షాకరైతే 13 నుండి 15 మిల్లీమీటర్లన్నమాట. అంతకన్నా ఎక్కువ అణిగితే తొక్కేటప్పుడు సైకిలు ఊయలలా ఊగి శ్రమ వృథా అవుతుంది. తక్కువ అణిగితే ప్రతి గులకరాయీ నడుముకు తెలుస్తుంది. గాలి షాకరులో గాలి నింపడానికి ప్రత్యేకమైన పంపు కావాలి, టైరు పంపు పనికిరాదు. మన మొరం బాటలకు తగిన టైరు, దానిలో సరైన గాలి ఉంటే సైకిలు స్వభావమే మారుతుంది.

వాగులు దాటిన తర్వాత బేరింగులు తుడిపించుకోవాలి. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినటువంటి వరదల్లో మునిగిన సైకిలును పైపైన కడిగి అమ్మితే, లోపలి ఒండ్రు కొన్నవాడికి తర్వాత తెలుస్తుంది. సెకండ్ హ్యాండు ఫ్రేము కొనేవారు కీళ్లు విప్పించి చూడకుండా డబ్బు ఇవ్వకూడదు.

ఎప్పుడు మార్చాలి?

మా దృష్టిలో నాలుగు సందర్భాలు ఉన్నాయి. ఫ్రేము చీలినా, వంగినా మార్చాలి. ఫ్రేము సైజు మనిషికి సరిపోక మెడ, నడుము నొప్పి పెడుతూ, సీటు, హ్యాండిలు సర్దినా తగ్గకపోతే మార్చాలి. కీలు భాగాలు ఎక్కడా దొరకని పరిస్థితి వస్తే మార్చాలి. తొక్కే దారి నిజంగా మారినప్పుడు కూడా మార్చవచ్చు. కొత్త ఫ్రేములు నిటారైన దిగుడులో ఎక్కువ స్థిరంగా ఉంటాయన్నది వాస్తవమే. పాతవాటిలో ముందు ఫోర్కు కోణం 70 డిగ్రీల దగ్గర ఉంటే, ఇప్పటివాటిలో చాలావరకు 65 నుండి 67 డిగ్రీల మధ్య ఉంటుంది. అయితే పాల్వంచ, బూర్గంపాడు, దుమ్ముగూడెం పరిసరాల బండిబాటల్లో అటువంటి నిటారు దిగుళ్లు ఎన్ని? అన్నట్టు, కిన్నెరసాని అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా సైకిలుపైనా వెళ్లరాదు.

పిల్లల కోసం కొనే చౌక 'డబుల్ షాకరు' సైకిళ్ల సంగతి వేరు. వాటి వెనుక ఉండేది చాలావరకు ఉత్త స్ప్రింగు. కుదుపును మింగే నూనె గదులు అందులో ఉండవు, నొక్కినంత వేగంగా తిరిగి ఎగురుతుంది. బరువు మాత్రం పెరుగుతుంది. అటువంటి సైకిలుకు మంచి ఫ్రేము వెతకడం కన్నా, తర్వాతిసారి వెనుక షాకరు లేని తేలికైన సైకిలు కొనివ్వడం మేలు. బడికి వెళ్లే పిల్లవాడికి అదే చాలు.

చివరిగా, తీసేసిన ఫ్రేమును ఏం చేయాలి? చీలిన ఫ్రేమును ఆన్‌లైనులో అమ్మకానికి పెడతానని ఆ స్నేహితుడు అన్నాడు. ఫోటోలో చీలిక కనిపించదు కదా అని అతని ధీమా. లోపం దాచి సరుకు అమ్మకూడదని మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా చెబుతాం. ఇక్కడ కొనేవాడు పోగొట్టుకునేది డబ్బు ఒక్కటే కాకపోవచ్చు. ఆ మాట చెప్పాక అతడు మెకానిక్కు వద్ద హ్యాక్సా అడిగి తీసుకుని, చీలిక దగ్గరే గొట్టాన్ని రెండుగా కోసి, తుక్కు కింద తూకానికి ఇచ్చాడు. చీలిన ఫ్రేము మీ ఇంట్లో ఉంటే మీరూ అలాగే చేయండి.