గాజు పలక మీద మెదడు జన్యువులు

మైక్రోఅరే అంటే వేలెడంత గాజు పలక. దాని మీద రోబో సూదులు వేల చుక్కలు పెడతాయి, హైదరాబాద్ లాడ్ బజార్‌లో లక్క గాజు మీద రాళ్లు అద్దినంత ఓపిగ్గా. ఒక్కో చుక్కలో ఒక్కో జన్యువు తాలూకు డీఎన్‌ఏ ఉంటుంది. జబ్బు కణజాలంలో జన్యువులు పనిచేసినప్పుడు పుట్టే ఆర్‌ఎన్‌ఏకు నకలు తీసి ఎరుపు రంగు వేస్తారు. మంచి కణజాలానిదైతే ఆకుపచ్చ. రెండూ కలిపి పలక మీద పోస్తే ఏ జన్యువు నకలు ఆ చుక్కకే అతుక్కుంటుంది. లేజర్ కింద చుక్క ఎర్రగా మెరిసిందా, జబ్బులో ఆ జన్యువు జోరు పెరిగినట్టు. ఆకుపచ్చగా ఉంటే తగ్గినట్టు. పసుపైతే తేడా లేదు.

1995లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ షీనా, పాట్రిక్ బ్రౌన్ బృందం దీన్ని మొదట పరీక్షించింది ఆవ జాతి చిన్న మొక్క మీద, కేవలం 45 జన్యువులతో. 2000లో పిట్స్‌బర్గ్‌లో కారొలీ మిర్నిక్స్ బృందం స్కిజోఫ్రీనియా రోగుల మెదళ్లను పరీక్షించి, నాడీకణాల మధ్య సంకేతాలు పంపే జన్యువులు మందగించాయని తేల్చింది. 2008లో బెంగళూరు ఐఐఎస్సీకి చెందిన కుమారవేల్ సోమసుందరం, పి. కొండయ్య తదితరులు అక్కడి మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్ వైద్యులతో కలిసి 25 మెదడు కణితులను దాదాపు 19 వేల జన్యువుల మైక్రోఅరే చిప్‌లతో పరిశీలించారు. గ్లయోబ్లాస్టోమా అనే ప్రాణాంతక కణితికి గ్యాడ్45-ఆల్ఫా, ఎఫ్‌ఎస్‌టీఎల్1 అనే రెండు కొత్త ఆనవాళ్లు దొరికాయి.

కణితి ఆపరేషన్‌లో చేతికొస్తుంది. అల్జీమర్స్, స్కిజోఫ్రీనియాల సంగతి అలా కాదు. బతికున్న మనిషి మెదడు కోయలేం కదా! పోయాక తీసుకోవాలన్నా ఆలస్యమయ్యేకొద్దీ ఆర్‌ఎన్‌ఏ చెడిపోతుంది. దాంతో చుక్కలు చెప్పే కథా తప్పుతుంది. పోల్చి చూడటానికి జబ్బులేని మెదడు కూడా కావాలి, అది దొరకడం మరీ కష్టం. ఈ లోటు తీర్చడానికే, చిప్ పుట్టిన 1995లోనే, డాక్టర్ ఎస్.కె. శంకర్ చొరవతో నిమ్హాన్స్‌లో మెదళ్ల బ్యాంకు మొదలైంది. రోడ్డు ప్రమాదాల్లో అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలు, అంత దుఃఖంలోనూ సమ్మతించి ఇచ్చిన మెదళ్లు అక్కడ భద్రంగా ఉన్నాయి. ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది వాళ్ల మనసే.

ఇప్పుడు ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ వచ్చి చిప్‌ను చాలావరకు పక్కకు నెట్టింది. అయినా మెదడు అవసరం తీరలేదు. అఫ్జల్‌గంజ్ ఉస్మానియా ఆసుపత్రి మార్చురీ లాంటి చోట్ల ప్రమాద మృతులకు చట్టప్రకారం పోస్ట్‌మార్టం ఎలాగూ జరుగుతుంది. అక్కడ ఆ ఇంటివాళ్లను మెదడు ఇస్తారా అని మర్యాదగా అడిగే మనిషి ఒకరుండాలి. వాళ్ల నమ్మకాలను గౌరవించి, కాదంటే ఊరుకుని, ఔనంటే ఆలస్యం లేకుండా భౌతికకాయం అప్పగించే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి. మీ ఇంట్లోనూ ఈ మాట ఒకసారి పెద్దలతో కూర్చుని మాట్లాడండి.