అడగడానికీ ఒక హద్దు

ఒక సంస్థ కంప్యూటరు మరొక సంస్థ కంప్యూటరును నిర్ణీత పద్ధతిలో సమాచారం కోరే మార్గమే అప్లికేషన్ ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్, సంక్షిప్తంగా ఏపీఐ. కిరాణా కొట్టులో మనం ఫోను ద్వారా చెల్లించే పది రూపాయల వెనుక కూడా యాప్‌కు, నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌కు, బ్యాంకులకు నడుమ ఇటువంటి ప్రశ్నోత్తరాలు ఎన్నో జరుగుతాయి. ఈ మార్గాలకు కావలి కాసేది ఏపీఐ నిర్వహణ సాఫ్ట్‌వేర్. వచ్చినవారి గుర్తింపును పరిశీలించడం, ఎవరు ఎన్నిసార్లు అడిగారో లెక్కించడం, హద్దు మీరినవారిని నిలిపివేయడం దాని విధులు. ఆ లెక్కను బట్టి రుసుము వసూలు చేసే సంస్థలూ ఉన్నాయి.

హద్దు లేకపోతే ఏమవుతుందో 2025 ఏప్రిల్ 12న తెలిసివచ్చింది. చెల్లింపు పూర్తయిందా అని కొన్ని బ్యాంకుల నుండి ప్రశ్నలు వెల్లువెత్తడంతో యూపీఐ కొన్ని గంటలపాటు కుంటుపడింది. అడిగినవారు దొంగలు కారు, తొందరపడినవారు మాత్రమే!

ఆ తరువాత, ఒక యాప్‌లో ఖాతా నిల్వను రోజుకు 50 సార్లకు మించి చూడనీయరాదన్న నిబంధన ఆగస్టు 1 నుండి అమలులోకి వచ్చింది. అన్నిసార్లు చూసేదెవరని మనకు అనిపించవచ్చు. కాని యాప్‌లు మనం కోరకుండానే కొన్ని ప్రశ్నలను పంపుతుంటాయి. ఉదయం 10 నుండి మధ్యాహ్నం 1 వరకు, సాయంత్రం 5 నుండి రాత్రి 9:30 వరకు అటువంటివాటికి కళ్ళెం వేశారు. కొట్ల ముందు జనం గుమిగూడేది ఆ వేళల్లోనే కదా!