తల్లి దోషము కాదు

బిడ్డకు మెదడు జబ్బు కలిగినచో మన యిండ్లలో ముందుగా దోషి యనిపించుకొనునది తల్లి. గ్రహణవేళ మెలకువ వహింపలేదని యొకరు, పూర్వజన్మ పాపమని యొకరు తీర్పు చెప్పుదురు. ఈ తీర్పునకు ఆధార మేమైన గలదా యని రెట్ వ్యాధి వృత్తాంతమునుబట్టి విచారింతము.

ఈ వ్యాధి పదివేల యాడుశిశువులలో సుమారొక్కరికి కలుగుచున్నది. మొదట బిడ్డ చక్కగనే పెరుగుచుండును. ఏడాది, ఏడాదిన్నర ప్రాయమున నేర్చిన మాటలు మఱచును. బొమ్మను పట్టిన చేతులు పట్టు విడిచి, కడుగుకొనునట్లు ఎడతెగక నులుముకొనును. వియన్నా వైద్యుడు ఆండ్రియాస్ రెట్ దీనిని 1966లోనే వర్ణించెను. 1983లో స్వీడను వైద్యుడు హాగ్‌బెర్గ్, ఆయన సహచరులు 35 మంది బాలికల వృత్తాంతము ప్రకటించువఱకు లోకము గమనింపలేదు.

హుదా జోగ్బీ పరిశోధకవర్గము 1999లో హ్యూస్టన్ నగరమున దీని మూలమును కనుగొన్నది. ఎక్స్ క్రోమోజోముమీది ఎం.ఇ.సి.పి.2 అను జన్యువు చెడుటయే హేతువు. మెదడు కణములలో ఇతర జన్యువు లెంతవఱకు పనిచేయవలయునో నియమించు ప్రోటీనును నిర్మించునది యీ జన్యువే. అది కొఱవడినను కీడే. రెట్టింపైనను వేఱొక తీవ్రవ్యాధి, ముఖ్యముగా మగపిల్లలకు, సంభవించును.

ఇక దోష మెవరిది? ఈ మార్పు నూటికి తొంబదికి పైగా తల్లిదండ్రులనుండి వంశపారంపర్యముగా వచ్చినది కాదు, క్రొత్తగా పుట్టినది. అందును పెక్కు తండ్రి బీజకణమున పుట్టుచున్నవి. తండ్రిని నిందింపుడని మా భావము కాదు. ప్రకృతి తన వ్రాతకు నకలు తీయునపుడు జరిగిన పొరపాటునకు ఎవ్వరును బాధ్యులు కారు. కోడలిని నిందించు నోళ్లు మాత్రము ఇకనైన మూతపడవలయును.

నిరాశకును తావు లేదు. ఎడింబరోలో ఏడ్రియన్ బర్డ్ బృందము ఎలుకలలో నిద్రపుచ్చిన యీ జన్యువును మేలుకొలుపగా వ్యాధి లక్షణములు వెనుదిరిగినవని 2007లో ప్రకటించినది. అనగా కణములు నశింపలేదు, స్తంభించినవి మాత్రమే. ఎలుకలయందు ఫలించినది మనుష్యులయందు ఫలించి తీరునని చెప్పరాదు. 2023లో అమెరికా ట్రోఫినెటైడ్ అను ఔషధము నంగీకరించినది. అది కొంత ఉపశమనమే కాని వ్యాధిని మాన్పునది కాదు. ఆరోగ్యకరమైన జన్యువును మెదడునకు చేర్చు చికిత్సయు మనుష్యులపై పరీక్షింపబడుచున్నది. మోతాదు మించకుండ చూచుటయే అందలి చిక్కు.

అంతవఱకు మన చేతనున్న పని కలదు. ఈ బాలికలలో పెక్కురు పలుకజాలకున్నను చూపుతో తమ కోరిక తెలుపగలరు. శాపములు వెదకుట మాని, ఆ చూపులను చదువ నేర్చుకొనుడని పాఠకులను కోరుచున్నాము.