కాలువ కూలీల సంఘము: గ్వాడలూపే యాకీ ప్రజల చరిత్ర

అమెరికా దేశపు అరిజోనా రాష్ట్రములో, ఫీనిక్స్ మహానగరమును ఆనుకొని, గ్వాడలూపే అనే చిన్న పట్టణము ఉన్నది. జనాభా సుమారు 5 వేలు. మెక్సికో నుండి ప్రాణభయముతో పారిపోయి వచ్చిన యాకీ ప్రజలు 20వ శతాబ్దపు ఆరంభములో ఈ ఊరికి పునాది వేశారు. దగ్గర ఉండి నడిపించే బోధకుడు లేనప్పుడు సంఘమును ఎవరు మోస్తారు? ఈ ప్రశ్నను మనస్సులో ఉంచుకొని వారి చరిత్రను పరిశీలిద్దాము.

నదిని పోగొట్టుకొన్న ప్రజలు

యాకీల స్వస్థలము మెక్సికోలోని సొనోరా ప్రాంతము. అక్కడి యాకీ నదియే వారి బ్రదుకు. 1617లో జెస్విట్ మిషనెరీలు వారి మధ్యకు వచ్చారు. క్రమేణా చెదురుమదురు పల్లెలు ఎనిమిది ఊళ్లుగా ఏర్పడ్డాయి. 1767లో స్పెయిన్ రాజు జెస్విట్లను వెళ్లగొట్టాడు. అప్పటి నుండి ప్రార్థనలను, పండుగలను ఎక్కువగా స్థానిక విశ్వాసులే నడిపించారు.

పోర్ఫిరియో డియాజ్ పాలనలో (ఆ పాలన 1911లో ముగిసింది) సారవంతమైన ఆ నదీతీర భూములపై ఇతరుల కన్ను పడింది. ఎదిరించిన యాకీలను వేల సంఖ్యలో పట్టి, దూరమున ఉన్న యుకటాన్‌లోని నార తోటలకు వెట్టిచాకిరికి పంపారు. తప్పించుకొన్నవారు సరిహద్దు దాటి అరిజోనా చేరారు.

పరాయి కాలువల పని

వారు చేరిన సాల్ట్ నది లోయ ఎడారి. అక్కడ హోహోకమ్ అనే ప్రాచీన ప్రజలు వందల మైళ్ల కాలువలు త్రవ్వి శతాబ్దముల పాటు సేద్యము చేశారు. 1867 తరువాత వచ్చిన కొత్తవారు కొన్నిచోట్ల ఆ పాత జాడల వెంటనే కాలువలు త్రవ్వారు. 1911లో రూజ్‌వెల్ట్ ఆనకట్ట పూర్తి అయింది. కాలువలలో పూడిక తీయుటకు, కలుపు కోయుటకు, గట్లు బాగుచేయుటకు మనుష్యులు కావలసివచ్చారు. ఆ కష్టములో గొప్ప పాలు యాకీలది. తమ నదిని పోగొట్టుకొన్నవారు పారలు పట్టి ఇతరుల పొలములకు నీరు పారించారు. 137వ కీర్తనలోని చెరసాలవారిని ఇక్కడ మనము జ్ఞాపకము చేసుకొనకుండ ఉండలేము.

మ్రొక్కుబడి

అయినను వారు మౌనముగా ఉండిపోలేదు. ప్రతి సంవత్సరము లెంట్ నలుబది దినములు క్రీస్తు శ్రమలను వీధులలో నటించి చూపుతారు. ప్రార్థనలు నడిపేది ‘మాయెస్త్రో’ అనే గృహస్థుడు. పాటలు పాడేది స్త్రీలు. రోగమునుండి లేచినవారు, లేదా బిడ్డ స్వస్థత కోరిన తలిదండ్రులు మ్రొక్కుబడి చేసుకొని ఈ సేవలో చేరుతారు. వేసవి సమీపించే ఎండలో, నిద్ర మానుకొని చేసే సేవ ఇది.

కొందరు ముసుగులు ధరించి క్రీస్తును హింసించేవారి వేషము వేస్తారు. ఆ వేషపు చెడుగు తమకు అంటకుండునట్లు ముసుగు లోపల జపమాల సిలువను నోట పట్టుకొంటారు. పరిశుద్ధ శనివారమున వారు దేవాలయముపై దాడి చేయగా, పిల్లలు, స్త్రీలు పూలు విసరి ఎదుర్కొంటారు. చివరకు ముసుగులు అగ్నిలో కాలిపోతాయి. వేషధారులు దేవాలయములో తిరిగి ప్రతిష్ఠింపబడతారు. సిలువ యొద్ద క్రీస్తు రక్తము పూలుగా మారినదని యాకీల సంప్రదాయము.

ఒక అభ్యంతరము

ఈ ఆరాధనలో మిషనెరీలకు పూర్వపు జింక నాట్యము కూడ ఉన్నది. ఇది మత సమ్మేళనము కాదా అని పాఠకులు అడుగవచ్చు. అడుగవలసిన ప్రశ్నయే. దానిని మేము తేలికగా త్రోసివేయుట లేదు. అయితే దేనిలో ఏది కలిసినదని తీర్పు తీర్చుటకు ముందు, దీనిని ఎవరు, ఏ వెల చెల్లించి కాపాడారని అడుగుట న్యాయము. భూమి, నది, గురువు, మూడును దూరమైనప్పుడు ఈ కథను మోసినవారు దినకూలీలే.

గ్వాడలూపే 1975లో పురపాలక పట్టణమైనది. 1978లో పాస్కువా యాకీ తెగకు అమెరికా ప్రభుత్వ గుర్తింపు లభించినది. 2021లో మెక్సికో అధ్యక్షుడు యాకీలకు బహిరంగముగా క్షమాపణ చెప్పాడు. ఈ గుర్తింపులన్నిటికంటె ముందే వారి సంఘము నిలిచి ఉన్నది.

పని వెదకుచు దూర ప్రాంతములకు వలసపోయే కుటుంబములు మన సంఘములలోను ఉన్నవి. వారు వెళ్లునప్పుడు వారి పేరును హాజరు పట్టికనుండి కొట్టివేయుట సులభము. ప్రార్థనను, వాక్యమును, పాటను తామే నడిపించుకొనగల విశ్వాసులుగా వారిని సిద్ధపరచి పంపుచున్నామా? కాపరులుగా మనలను మనమే ప్రశ్నించుకొనవలసిన సంగతి ఇది.